స్క్రిప్ట్ నడిచింది, లాగ్ ఖాళీగా ఉంది: మధ్యలో మాట ఎక్కడ పోయింది?

రోజూ రాత్రి 2 గంటలకు ఒక ఫోల్డర్‌లోని 150 ఫైళ్లను సర్వర్‌కు ఎక్కించే పైథాన్ స్క్రిప్ట్ ఒకటి ఉందనుకుందాం. చేత్తో నడిపితే ఫైల్‌కు ఒకటి చొప్పున తెర మీద వరసలు వస్తాయి. అదే స్క్రిప్ట్‌ను షెడ్యూలర్‌కు అప్పజెప్పి పొద్దున వచ్చి చూస్తే లాగ్ ఫైల్ ఉంది, కానీ సున్నా బైట్లు. సర్వర్‌లో చూస్తే 80 ఫైళ్లు ఎక్కి ఉన్నాయి. మిగతా 70 ఎందుకు ఆగిపోయాయో చెప్పేవాళ్లు లేరు.

ఇలాంటప్పుడు చాలామంది ఎక్కించే కోడ్‌లో తప్పు వెతుకుతారు. లాగ్ ఖాళీగా ఉండటానికి కారణం తరచూ అక్కడ ఉండదు. స్క్రిప్ట్ నోట్లోంచి మాట బయటపడిన దగ్గర్నుంచి అది డిస్క్ మీద అక్షరంగా నిలిచేదాకా ఒక దారి ఉంది. ప్రోగ్రాం సొంత బఫర్, షెల్ (మనం ఇచ్చే కమాండ్‌ను చదివి నడిపే ప్రోగ్రాం) మళ్లించిన ఛానెల్, ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీ, ఆఖరున డిస్క్. ఒక్కో మజిలీలో మాట ఒక్కో రకంగా తప్పిపోతుంది. సున్నా బైట్ల ఫైల్ సంగతి తేలాలంటే ఆ మజిలీలన్నీ ఒకసారి చూసి రావాలి.

## లాగ్ అంటే ఏది, ఏది కాదు

జరిగింది జరిగినట్టు, జరిగిన క్రమంలో, సమయంతో సహా కింద కింద చేర్చుకుంటూ పోయే చిట్టాయే లాగ్. రాసిన వరసను మళ్లీ దిద్దడం ఉండదు. మాట ఓడల మీంచి వచ్చింది. తాడుకు కట్టిన చెక్కముక్కను నీళ్లలోకి విసిరి, తాడు ఎంత త్వరగా జారుతోందో చూసి ఓడ వేగం లెక్కగట్టేవాళ్లు. ఆ చెక్కముక్క లాగ్, ఆ లెక్కలు ఎక్కించిన పుస్తకం లాగ్‌బుక్.

స్క్రిప్ట్ బయటికి పంపేవి మూడు రకాలుగా ఉంటాయి, మూడూ కలిసిపోతేనే తంటా. ఒకటి ఫలితం, అంటే ఇంకో ప్రోగ్రాం తీసుకుని వాడుకునే డేటా. రెండోది పురోగతి, అంటే తెర ముందు కూర్చున్న మనిషికి 43 శాతం, 44 శాతం అని చూపే పట్టీ. మూడోది లాగ్. ఇది ఆ సమయంలో అక్కడ లేని మనిషి కోసం. పురోగతి పట్టీని లాగ్‌లోకి పంపితే ఏమవుతుందో ఒక్కసారి చూస్తే మర్చిపోరు. పట్టీ కదిలిన ప్రతిసారీ వరస మొదటికి వెళ్లే క్యారేజ్ రిటర్న్ గుర్తు పడుతుంది. తెర మీద అది పాత అంకెను కప్పేస్తుంది. ఫైల్‌లో ఏదీ కప్పబడదు, కాబట్టి వేల ముక్కలు ఒకే పొడవాటి వరసగా అతుక్కుపోతాయి. రంగుల కోసం వాడే ఎస్కేప్ కోడ్‌లదీ అదే గతి.

ప్రతి ప్రోగ్రాంకూ బయటికి రెండు ఛానెళ్లు పుట్టుకతోనే ఉంటాయి. 1వ నంబరు స్టాండర్డ్ అవుట్‌పుట్, 2వ నంబరు స్టాండర్డ్ ఎర్రర్. లోపలికి వచ్చేది 0. పేరులో ఎర్రర్ ఉంది కదా అని 2వదాన్ని తప్పులకే అనుకోవద్దు. ఫలితం 1వ ఛానెల్‌లో, మిగతా కబుర్లన్నీ 2వ ఛానెల్‌లో పోవాలన్నది యూనిక్స్ ఆనవాయితీ. పైథాన్ లాగింగ్ మాడ్యూల్‌లోని స్ట్రీమ్ హ్యాండ్లర్ కూడా ఏమీ చెప్పకపోతే 2వ ఛానెల్‌కే రాస్తుంది. తెర మీద రెండూ కలిసి కనిపిస్తాయి కాబట్టి ఈ తేడా ఎవరికీ తెలియదు. ఫైల్‌కు మళ్లించినప్పుడే బయటపడుతుంది. 1వదాన్ని మాత్రమే మళ్లిస్తే లాగ్ ఖాళీ.

## గుర్తుల వరస మారితే

షెల్‌లో `>` అంటే ఫైల్‌ను ఖాళీ చేసి రాయి, `>>` అంటే ఉన్నదాని చివర చేర్చు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది, ఫైల్‌ను తెరిచేది ప్రోగ్రాం కాదు, షెల్. అదీ ప్రోగ్రాంను మొదలుపెట్టకముందే తెరుస్తుంది. ప్రోగ్రాం పేరులో ఒక్క అక్షరం తప్పు పడి అసలు మొదలే కాకపోయినా, `>` వాడి ఉంటే నిన్నటి లాగ్ అప్పటికే తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది.

రెండు ఛానెళ్లూ ఒకే ఫైల్‌కు పోవాలంటే ఇలా రాస్తారు:

`పైథాన్ ఎక్కించు.పై >> రాత్రి.లాగ్ 2>&1`

కొందరు దీన్ని తిరగేసి రాస్తారు:

`పైథాన్ ఎక్కించు.పై 2>&1 >> రాత్రి.లాగ్`

రెండోది పనిచేయదు. షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. `2>&1` అంటే 1వ ఛానెల్ ఈ క్షణాన ఎటు పోతోందో 2వదాన్ని కూడా అటే పంపమని. ఆ క్షణానికి 1వది ఇంకా తెరకే పోతోంది. ఆ తర్వాత 1వదాన్ని ఫైల్‌కు మళ్లించినా 2వది తెర దగ్గరే ఉండిపోతుంది. షెడ్యూలర్ కింద తెర ఉండదు, కాబట్టి ఆ మాటలు లాగ్‌కు చేరవు.

తెర మీదా కనపడాలి, ఫైల్‌లోనూ ఉండాలి అనుకునేవాళ్లు ఒక ప్రోగ్రాం మాటను ఇంకోదానికి అందించే పైప్ పెట్టి, వచ్చినదాన్ని తెరకూ ఫైల్‌కూ పంపే టీ కమాండ్ వాడతారు. సౌకర్యమే, కానీ పైప్‌లైన్ ఆఖరి కమాండ్ ఏ ఎగ్జిట్ కోడ్ (0 అంటే సఫలం, వేరే అంకె అంటే విఫలం) ఇస్తే మొత్తానికీ అదే లెక్క. స్క్రిప్ట్ 1 అని విఫలమైనా టీ తన పని తాను చేసి 0 ఇస్తుంది, షెడ్యూలర్ అంతా సవ్యమేననుకుంటుంది. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టడం ఇందుకే.

## బఫర్: రాసినట్టే రాసి చేతిలో పెట్టుకోవడం

ఖాళీ లాగ్ కథల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలతాయి. ప్రింట్ అనగానే అక్షరాలు ఫైల్‌లోకి వెళ్లవు. ప్రతి చిన్న ముక్కకూ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలవడం ఖరీదు కాబట్టి ప్రోగ్రాం వాటిని తన మెమరీలో పోగు చేసి, పోగు నిండాక ఒకేసారి ఇస్తుంది. ఆ పోగే బఫర్. అవతల తెర ఉంటే వరస పూర్తి కాగానే ఇచ్చేస్తుంది, ఫైల్ గానీ పైప్ గానీ ఉంటే పోగు నిండేదాకా ఆగుతుంది. చేత్తో నడిపితే కనిపించి, షెడ్యూలర్ కింద కనిపించకపోవడానికి ఇదో పెద్ద కారణం. కోడ్ మారలేదు, అవతలి కొస మారింది.

అంకెల్లో చూద్దాం. బఫర్ 8192 బైట్లు, ఒక్కో వరస సుమారు 90 బైట్లు అనుకుంటే 91 వరసలు లోపలే పడతాయి. ఒక్కో ఫైల్ ఎక్కడానికి 4 సెకన్లు పడితే 91 వరసలకు 364 సెకన్లు, అంటే 6 నిమిషాల పైచిలుకు. అంతసేపూ ఫైల్ చివరను చూపే టెయిల్ కమాండ్ పెట్టుకుని చూసేవాళ్లకు ఏమీ కనపడదు. తర్వాత ఒక్కసారిగా 91 వరసలు గుమ్మరిస్తుంది. మళ్లీ 6 నిమిషాలు మౌనం.

ఆలస్యం వరకైతే ఓర్చుకోవచ్చు. ప్రోగ్రాం మామూలుగా ముగిస్తే, లేదా కోడ్ పట్టుకోని ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే తప్పు) వచ్చి ఆగినా, పోయేముందు బఫర్‌ను కుమ్మరించే పోతుంది. కానీ బలవంతంగా ఆపే కిల్ -9 సంకేతం అందుకున్న ప్రోగ్రాంకు ఆఖరి మాట చెప్పే అవకాశం ఉండదు. మెమరీ చాలనప్పుడు లైనక్స్ కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పంపేదీ అదే సంకేతం. ఆగిపొమ్మని అడిగే టర్మ్ సంకేతం మర్యాదైనదే అయినా, దాన్ని పట్టుకునే కోడ్ రాయకపోతే పైథాన్ ప్రోగ్రాం బఫర్ ఖాళీ చేయకుండానే ఆగిపోతుంది. ఏ కారణంతో చచ్చిందో చెప్పగలిగే ఆఖరి వరసలే సరిగ్గా పోతాయి. లాగ్‌లో ఆఖరి వరస 182వ ఫైల్ అని ఉంటే 183వ ఫైల్‌ను అనుమానించి రెండు రోజులు దాని చుట్టూ తిరిగినవాళ్లున్నారు. అసలు చావు 260 దగ్గర జరిగి ఉండొచ్చు.

ఇంకో మాయ కూడా ఉంది. 2వ ఛానెల్ ఇంతసేపు ఆగదు. సీ భాషలో దానికి బఫరే ఉండదు, పైథాన్‌లో 3.9 వెర్షన్ నుంచి అది ఎటు పోతున్నా వరస వరసకూ బయటికి వస్తుంది. రెండింటినీ ఒకే ఫైల్‌కు మళ్లిస్తే ఎర్రర్ ముందు పడుతుంది, ఆ ఎర్రర్‌కు ముందు జరిగిన పనుల వరసలు దాని కిందకు చేరతాయి. సమయం ముద్ర లేని లాగ్‌లో ఈ తారుమారును పట్టుకోవడం కష్టం.

మందు సులువే. పైథాన్‌కు -యు ఆప్షన్ ఇవ్వడం, లేదా ప్రింట్‌కు ఫ్లష్ చేయమని, అంటే బఫర్‌ను వెంటనే ఖాళీ చేయమని చెప్పడం. లాగింగ్ మాడ్యూల్ వాడితే ఆ చింత కూడా అక్కర్లేదు, దాని స్ట్రీమ్, ఫైల్ హ్యాండ్లర్లు ప్రతి రికార్డు తర్వాతా ఫ్లష్ చేస్తాయి. వరసకోసారి సిస్టమ్‌ను పిలిచినందుకు కొంత వేగం తగ్గుతుంది. రాత్రికి కొన్ని వేల వరసలు రాసే స్క్రిప్ట్‌కు అది లెక్కలోకి రాదు. కోట్ల వరసల డీబగ్ రాతకు వస్తుంది.

ఫ్లష్ అయ్యాక మాట కర్నెల్ చేతికి వెళుతుంది. ఇక ప్రోగ్రాం చచ్చినా అది పోదు. అయితే డిస్క్ మీదకు ఇంకా చేరలేదు. లైనక్స్ మామూలు సెట్టింగుల్లో అలా నిలవున్న డేటాను 30 సెకన్ల వయసు దాటాక రాతకు తీస్తుంది. ఈలోపు కరెంటు పోతే పోయినట్టే. ఎఫ్‌సింక్ పిలిస్తే అప్పటికప్పుడు డిస్క్ మీదకు దిగుతుంది, కానీ ఆ పిలుపు పూర్తయ్యేదాకా ప్రోగ్రాం నిలబడి చూడాలి. మామూలు ఆటోమేషన్ లాగ్‌కు అంత అవసరం ఉండదు. డబ్బు కదిలిన లెక్కలకైతే ఉంటుంది, అప్పుడు కూడా అలాంటివి లాగ్‌లో కంటే డేటాబేస్‌లో ఉండటం మేలు.

## షెడ్యూలర్ కింద నేల వేరు

చేత్తో నడిపినప్పుడు మన షెల్, మన ఫోల్డర్, మన పాత్ వేరియబుల్ (ప్రోగ్రాంలను ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా). లైనక్స్ షెడ్యూలర్ అయిన క్రాన్ వీటిలో దేన్నీ తీసుకెళ్లదు. పని మొదలయ్యేది ఆ యూజర్ హోం డైరెక్టరీలో, పాత్‌లో ఒకటి రెండు చోట్లే ఉంటాయి. లాగ్ ఫైల్ పేరును పూర్తి దారితో ఇవ్వకుండా ఉత్త పేరు ఇస్తే ఫైల్ ఇంకెక్కడో పుడుతుంది. మనం చూసే చోట పాతదే ఉంటుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో స్టార్ట్ ఇన్ గడి ఖాళీగా వదిలితే పని సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. అక్కడ రాసే అనుమతి లేకపోతే లాగ్ తెరిచే వరస దగ్గరే స్క్రిప్ట్ కూలుతుంది, కూలిన సంగతి రాయడానికి లాగ్ ఉండదు.

క్రాన్‌లో ఇంకో ముల్లు: `%` గుర్తు. లాగ్ ఫైల్ పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్‌ను క్రాన్ పనుల జాబితా అయిన క్రాన్‌టాబ్‌లోనే పెడతారు. క్రాన్‌టాబ్‌లో `%` అంటే కొత్త వరస. దాని ముందు `\` పెట్టకపోతే కమాండ్ అక్కడితో తెగిపోతుంది, మిగతాది ఇన్‌పుట్‌గా పోతుంది. అదే వరస టెర్మినల్‌లో అతికిస్తే చక్కగా పనిచేస్తుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు. మళ్లించని అవుట్‌పుట్‌ను క్రాన్ మెయిల్ చేయాలని చూస్తుంది. ఆ మెషీన్‌లో మెయిల్ పంపే ఏర్పాటు లేకపోతే ఆ మాటలు మనకు అందవు.

అందుకే స్క్రిప్ట్ మొదట్లోనే ఏ యూజర్, ఏ డైరెక్టరీ, ఏ పైథాన్ వెర్షన్, ఏ కాన్ఫిగ్ ఫైల్ అన్నది ఒక వరసలో రాసేస్తే సగం గొడవ తగ్గుతుంది.

తెలుగులో ఫైల్ పేర్లు ఉన్నవాళ్లకు ఒక సంగతి. విండోస్‌లో పైథాన్ ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే చాలాకాలంగా సిస్టమ్ పాత కోడ్ పేజీనే వాడుతూ వచ్చింది. అందులో తెలుగు లేదు. వరసలో 'ఖాతా' అన్న మాట రాగానే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్. యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. పవర్‌షెల్ 5.1లో `>` గుర్తు యూటీఎఫ్-16లో రాస్తుంది, 6వ వెర్షన్ నుంచి యూటీఎఫ్-8. ఒకే ఫైల్‌కు రెండు రకాల ప్రోగ్రాంలు రాస్తే సగం లాగ్ చదవరాకుండా పోతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు పడతాయని సైజు లెక్కల్లో గుర్తుంచుకుంటే చాలు. గుణింతం ఉన్న అక్షరానికి 6, ఒత్తు కూడా ఉంటే ఇంకా ఎక్కువ.

## స్థాయిలు, వాటి తిరకాసు

ప్రతి వరసకూ ఎంత ముఖ్యమో చెప్పే ముద్ర వేయడం 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాం కోసం రాసిన సిస్‌లాగ్ అనే లాగ్ పద్ధతితో వాడుకలోకి వచ్చింది. 2009 నాటి సిస్‌లాగ్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5424లో 8 స్థాయిలున్నాయి: 0 ఎమర్జెన్సీ, 1 అలర్ట్, 2 క్రిటికల్, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 5 నోటీస్, 6 ఇన్ఫో, 7 డీబగ్. అంకె తగ్గేకొద్దీ తీవ్రత ఎక్కువ. పైథాన్‌లో దీనికి తలకిందులు: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు అంకెలను నమ్ముకుంటే ఫిల్టర్ తిరగబడుతుంది.

ఖాళీ లాగ్‌కు ఇక్కడా ఒక కారణం దొరుకుతుంది. పైథాన్ లాగింగ్‌లో ఏ సెట్టింగూ చేయకపోతే గీత వార్నింగ్ దగ్గర ఉంటుంది. ఇన్ఫో అని రాసిన వరసలన్నీ కిక్కురుమనకుండా మాయమవుతాయి.

ఏది ఎర్రర్, ఏది వార్నింగ్ అన్న దగ్గర అనుభవజ్ఞులే ఒక మాట మీద ఉండరు. మొదటి ప్రయత్నం విఫలమై రెండోసారి ఫైల్ ఎక్కిందనుకోండి. విఫలమైంది కాబట్టి ఎర్రరే అంటారు కొందరు, నెట్‌వర్క్ మెల్లగా పాడవుతున్న జాడ అందులోనే దొరుకుతుందన్నది వాళ్ల వాదన. మనిషి లేచి చేయాల్సిన పని ఉంటేనే ఎర్రర్, స్క్రిప్ట్ తానే సర్దుకుంటే వార్నింగ్ అంటారు ఇంకొందరు. ఎర్రర్ వరస పడితే ఎవరి ఫోనో మోగే ఏర్పాటు ఉన్నచోట రెండో పద్ధతే బతకనిస్తుంది. రోజుకు 30 సార్లు ఉత్తుత్తినే మోగిన ఫోన్‌ను 31వ సారి ఎవరూ చూడరు.

## ఒక వరసలో ఏముండాలి

ఇలాంటి లాగ్‌లు లెక్కలేనన్ని కనిపిస్తాయి:

ఎక్కించడం మొదలైంది
ఎర్రర్ వచ్చింది
మళ్లీ ప్రయత్నిస్తున్నాం
పూర్తయింది

రాసినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. మూడు నెలల తర్వాత చదివితే ఏ ఫైల్, ఏ ఎర్రర్, ఎన్నోసారి, పూర్తయిందంటే ఎక్కి పూర్తయిందా, ఎక్కకుండానే ముగిసిందా, ఏదీ తెలియదు. అదే సంఘటన ఇలా ఉండొచ్చు:

2025-03-14 02:07:41.318+00:00 వార్నింగ్ రన్=7314 ఫైల్="ఇన్వాయిస్-0419.పీడీఎఫ్" బైట్లు=48213771 ప్రయత్నం=1/3 కారణం="30 సెకన్లలో జవాబు లేదు" మళ్లీ=60సె

సంవత్సరం ముందు, రోజు చివర ఉండే తేదీ అమరికకు లాభం ఏమిటంటే, అక్షర క్రమంలో పేర్చినా కాల క్రమంలోనే వస్తుంది. ఐఎస్ఓ 8601 చెప్పేది ఈ అమరికే. చివరి `+00:00` యూటీసీని, అంటే ప్రపంచమంతా వాడే ప్రమాణ సమయాన్ని సూచిస్తుంది. స్థానిక సమయం రాసుకునేవాళ్లు కూడా ఆ తేడా అంకె మాత్రం వదలకూడదు. ఏడాదికోసారి గడియారం గంట వెనక్కి తిప్పే దేశాల్లో ఆ రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది, 01:30కు జరిగిందంటే మొదటి 01:30యా రెండోదా అన్నది ఆ అంకె లేకుండా తేలదు. పైథాన్ లాగింగ్‌లో మామూలు సమయం ముద్ర స్థానిక సమయమే, తేడా అంకె ఉండదు. పైగా మిల్లీసెకన్ల ముందు చుక్కకు బదులు కామా పెడుతుంది, ఆ లాగ్‌ను కామాలతో విడదీసే పట్టికలోకి దింపితే గడులు జరుగుతాయి.

ఎంతసేపు పట్టిందో రాసేటప్పుడు రెండు గడియారపు సమయాలను తీసివేయకండి. మధ్యలో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీంచి సమయం సరిచూసే ఏర్పాటు) గడియారాన్ని సరిదిద్దితే పని మైనస్ 2 సెకన్లలో అయినట్టు వస్తుంది. వెనక్కి తిరగని మోనోటోనిక్ గడియారం చాలా భాషల్లో ఉంది.

రన్=7314 అన్నది ఆ పరుగుకు పెట్టిన గుర్తు. రాత్రి 2 గంటల పరుగు సాగి సాగి తర్వాతి పరుగు మీద పడితే రెండింటి వరసలూ కలిసిపోతాయి, వేరు చేయడానికి ఈ అంకె తప్ప దారి లేదు. ఒకే ఫైల్‌లో రెండు ప్రాసెస్‌లు రాయడం సంగతి: చివర చేర్చే పద్ధతిలో తెరిచి, వరసంతా ఒకే పిలుపులో రాస్తే మామూలు లోకల్ డిస్క్ మీద ఒకదాని మీద ఒకటి పడవు. నెట్‌వర్క్ డిస్క్ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఆ భరోసా లేదు. పైథాన్ లాగింగ్ థ్రెడ్‌ల మధ్య తాళం వేస్తుంది గానీ ప్రాసెస్‌ల మధ్య వేయదు.

పరుగు ఆఖరున లెక్క చెప్పే వరస ఒకటి ఉండి తీరాలి: మొత్తం=150 ఎక్కినవి=147 వదిలినవి=2 విఫలం=1. ఎక్కినవి, వదిలినవి, విఫలమైనవి కూడితే మొత్తానికి సరిపోవాలి. సరిపోకపోతే కోడ్‌లో ఎక్కడో ఒక ఎక్సెప్షన్‌ను మింగేసి ముందుకు పోతున్నారని అర్థం.

## పెరిగే ఫైల్

ఈసారి 5 నిమిషాలకోసారి నడిచే స్క్రిప్ట్‌ను తీసుకుందాం, రోజుకు 288 పరుగులు. పరుగుకు 40 వరసలు, వరసకు 150 బైట్లు అంటే పరుగుకు 6000 బైట్లు, రోజుకు సుమారు 1.7 ఎంబీ, ఏడాదికి 630 ఎంబీ. ఫర్వాలేదు. ఏదో సమస్య వెతకడానికి డీబగ్ పెట్టి పరుగుకు 4000 వరసలు రాయించి, తీసేయడం మర్చిపోతే రోజుకు 173 ఎంబీ, ఏడాదికి 63 జీబీ. డిస్క్ నిండిన రోజు ఆగేది లాగ్ ఒక్కటే కాదు, అదే డిస్క్ మీద ఉన్న డేటాబేస్ కూడా.

అందుకే పాత లాగ్‌ను పక్కకు జరిపి కొత్తది మొదలుపెట్టే రొటేషన్. చదవడానికి సులువుగానే ఉంటుంది, చిక్కు కింద ఉంది. లైనక్స్‌లో తెరిచిన ఫైల్‌కూ దాని పేరుకూ సంబంధం తెరిచే క్షణం వరకే. రొటేషన్ చేసే లాగ్‌రొటేట్ ప్రోగ్రాం పేరు మార్చినా, నడుస్తున్న ప్రోగ్రాం పాత ఫైల్‌లోకే రాస్తూ పోతుంది, కొత్త ఫైల్ ఖాళీగా ఉంటుంది. ఇదీ ఒక ఖాళీ లాగే. పేరు మార్చాక ఫైల్ మళ్లీ తెరుచుకోమని ప్రోగ్రాంకు సంకేతం పంపడం సరైన దారి. ఆ సంకేతం అర్థం కాని ప్రోగ్రాంలకు కాపీట్రంకేట్ ఉంది: ఫైల్‌ను నకలు తీసి, అసలుదాన్ని ఖాళీ చేస్తుంది. నకలుకూ ఖాళీకీ మధ్య సందులో పడిన వరసలు పోతాయి. ప్రోగ్రాంను `>>`తో కాక `>`తో మొదలుపెట్టి ఉంటే ఇంకో వింత. అది తాను ఆగిన చోటు నుంచే రాయబోతుంది, కాబట్టి ఖాళీ చేసిన ఫైల్ ముందు భాగమంతా సున్నా విలువ ఉన్న ఉత్త బైట్లతో నిండి, సైజు మళ్లీ పాత అంకె దగ్గరే కనిపిస్తుంది.

తెరిచి ఉన్న లాగ్‌ను చేత్తో తొలగించడమూ ఇలాంటిదే. పేరు పోతుంది, చోటు ఖాళీ కాదు. డిస్క్‌లో మిగిలిన చోటు చెప్పే డీఎఫ్ కమాండ్ డిస్క్ నిండిందంటుంది, ఫైళ్ల సైజులు కూడే డీయూ లెక్కలో ఆ ఫైల్ కనపడదు. ప్రోగ్రాంను ఆపితేనో మళ్లీ మొదలుపెడితేనో ఆ చోటు తిరిగొస్తుంది. విండోస్‌లో కథ వేరు, ఇంకో ప్రోగ్రాం తెరిచి ఉంచిన ఫైల్ పేరు మార్చనివ్వక పైథాన్ రొటేషన్ అక్కడే ఎర్రర్ 32తో ఆగుతుంది.

పైథాన్ రొటేటింగ్ హ్యాండ్లర్‌కు గరిష్ఠ సైజు 10 ఎంబీ, బ్యాకప్‌లు 5 అని ఇస్తే మొత్తం 60 ఎంబీ దాటదు. రెండింట్లో ఏది సున్నాగా ఉన్నా రొటేషన్ జరగనే జరగదు. ఏమీ చెప్పకపోతే రెండూ సున్నాలే.

## ఫైల్‌లోనా, ఛానెల్‌లోకా? మాటలా, జేసన్‌లా?

స్క్రిప్ట్ లాగ్ ఫైల్ జోలికే పోకూడదు, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు రాసి ఊరుకోవాలి, సేకరణ, నిలవ, రొటేషన్ బయటి ఏర్పాటు చూసుకుంటుంది అన్నది ఒక వాదం. 2011 ప్రాంతంలో హెరోకూ ఇంజినీర్లు రాసిన సూత్రావళితో ఇది ప్రచారమైంది. కంటైనర్లలో (ప్రోగ్రాంను దాని సరంజామాతో కట్టి నడిపే తాత్కాలిక పెట్టెల్లో) ఇది సబబే, కంటైనర్ పోతే అందులోని ఫైలూ పోతుంది. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఉన్న లైనక్స్‌లో దాని జర్నల్ ఈ పనంతా చేస్తుంది, మామూలుగా డిస్క్‌లో 10 శాతమో 4 జీబీయో, ఏది తక్కువైతే అక్కడ ఆగుతుంది. అయితే బయటి ఏర్పాటు చూసుకుంటుందిలే అన్న ధీమాకూ లోటుంది. కంటైనర్లను నడిపే డాకర్ మామూలుగా వాడే జేసన్-ఫైల్ డ్రైవర్‌కు సైజు హద్దు మనం పెడితే తప్ప ఉండదు.

ఒకే మెషీన్, రోజుకో పరుగు, చూసేది ఒక్క మనిషి అయితే తేదీ పేరున్న ఫైల్‌ను మించింది లేదు. మెయిల్‌కు జోడించి పంపొచ్చు, ఏ ఎడిటర్‌లోనైనా తెరవొచ్చు.

వరసకో జేసన్ (పేరు, విలువ జతలుగా డేటా రాసే పద్ధతి) రాయడం యంత్రానికి మేలు. విఫలమైనవాటిలో 40 ఎంబీ దాటినవి ఎన్ని అన్న ప్రశ్నకు జేసన్‌లో వెతికే జేక్యూ కమాండ్‌తో ఒక్క వరసలో జవాబొస్తుంది. మనిషి కంటికి మాత్రం అది ముళ్లకంప. పైన చూపిన పేరు=విలువ పద్ధతి రెండింటికీ మధ్యస్థం. పది మెషీన్లు దాటి, లాగ్‌లన్నీ ఒకచోట చేరేదాకా అది చాలు.

## రాయకూడనివి

2018 మేలో ట్విట్టర్ తన వినియోగదారులందరినీ పాస్‌వర్డ్ మార్చుకోవడం ఆలోచించమని కోరింది. బయటివాళ్లు చొరబడి కాదు. పాస్‌వర్డ్‌ను హ్యాష్‌గా (తిరిగి చదవలేని రూపంలోకి) మార్చే పని పూర్తి కాకముందే అది లోపలి లాగ్‌లోకి రాయబడుతోంది. అంత పెద్ద వ్యవస్థలో జరిగింది చిన్న స్క్రిప్ట్‌లో ఇంకా సులువుగా జరుగుతుంది. బ్యాష్‌లో సెట్ -ఎక్స్ పెడితే ప్రతి కమాండ్‌ను వేరియబుల్స్ విలువలతో సహా చూపిస్తుంది, టోకెన్ (పాస్‌వర్డ్‌లా పనిచేసే గుర్తు) అందులో ఉంటే అదీ కనపడుతుంది. చిరునామాలోనే టోకెన్ పెట్టే ఏపీఐని పిలిచి, విఫలమైనప్పుడు చిరునామా మొత్తం రాసినా అంతే. కొత్త ఫైళ్ల అనుమతులను తగ్గించే యూమాస్క్ సెట్టింగ్ 022 ఉన్నచోట కొత్త ఫైల్ అనుమతులు 644, అంటే ఆ మెషీన్‌లో ఎవరైనా చదవొచ్చు. లాగ్‌కు 640 చాలు.

బయటి నుంచి వచ్చిన మాటను ఉన్నదున్నట్టు రాయడంలోనూ ప్రమాదం ఉంది. లైనక్స్‌లో ఫైల్ పేరులో కొత్త వరస గుర్తు కూడా ఉండొచ్చు. పేరు మధ్యలో ఆ గుర్తు పెట్టి, దాని తర్వాత ఒక సమయం ముద్ర, "ఇన్ఫో మొత్తం=150 విఫలం=0" అని ఎవరైనా పేరు పెడితే లాగ్‌లో స్క్రిప్ట్ రాయని వరస ఒకటి పుడుతుంది. అలాంటి గుర్తులను తప్పించి రాయాలి, జేసన్ అయితే ఆ పని తానే చేస్తుంది. 2021 డిసెంబర్‌లో బయటపడిన జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జే లోపం ఇంకో మెట్టు ముందుకు పోయింది. లాగ్‌లో రాయమని వచ్చిన మాటలో ప్రత్యేక గుర్తులుంటే ఆ లైబ్రరీ వాటిని ఆదేశంగా తీసుకుని బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకునేది. తీవ్రత స్కోరు 10కి 10 పడింది.

## ఇంతకీ ఆ సున్నా బైట్లు

మొదటి స్క్రిప్ట్ దగ్గరికి వద్దాం. సున్నా బైట్ల ఫైల్ కూడా సాక్షే. ఫైల్ మన కంటి ముందున్న చోటే పుట్టింది, పుట్టిన సమయం 02:00 అంటే షెడ్యూలర్ లేచింది, దారి సరైనదే, షెల్ ఫైల్ తెరిచింది. 80 ఫైళ్లు ఎక్కాయి కాబట్టి ప్రోగ్రాం 5 నిమిషాలకు పైగా నడిచింది. కమాండ్‌లో `2>&1` సరైన చోటే ఉంది, వరసలు ఉత్త ప్రింట్‌తో రాసినవి, కాబట్టి స్థాయిల గొడవా లేదు. ఎక్సెప్షన్ వచ్చి ఆగి ఉంటే బఫర్ కుమ్మరించి, ఆ ఎక్సెప్షన్ వరసలూ రాసి పోయేది. 80 వరసలు, వరసకు 90 బైట్లు: 7200. బఫర్ నిండటానికి ఇంకా 992 బైట్లు కావాలి. అంటే పోగు నిండకముందే ఎవరో దాన్ని మాటైనా చెప్పనివ్వకుండా ఆపారు. ఇక స్క్రిప్ట్ లాగ్‌లో వెతికేది లేదు, కర్నెల్ లాగ్ తెరిచి 02:05 దాటిన దగ్గర మెమరీ చాలక ఒక ప్రాసెస్‌ను చంపినట్టు వరస ఉందేమో చూడాలి.